గుడ్‌ల్యాండ్‌లో ఆర్వీ క్యాంపింగ్, డంప్ స్టేషన్ దగ్గర పడ్డ పాట్లు – నా అనుభవం

నిన్ననే బండి రిటర్న్ ఇచ్చేసి వచ్చాం. కోపం చల్లారితే సగం రాయను, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. పేరెంట్స్‌ని తీసుకుని ఆర్వీ (లోపలే బెడ్లు, కిచెన్, టాయిలెట్ ఉండే బండి) రెంట్‌కి తీసుకుందాం అనుకునేవాళ్ళు ఇది చదివాకే డబ్బులు కట్టండి.

మేం ఉండేది డెన్వర్ పక్కన ఆరోరాలో. అమ్మానాన్న సమ్మర్‌కి వచ్చారు. మా నాన్న తెనాలి పక్క వరి రైతు, ఆయనకి కొండలు చూపించినా పెద్ద పెద్ద బిల్డింగులు చూపించినా కాసేపు చూసి "ఇక్కడ పంటలేం వేస్తార్రా" అంటారు. సరే పంటలే చూపిద్దాం అని ఐ-70 మీద తూర్పుకి వెళ్ళి, కాన్సాస్ బోర్డర్ దాటగానే వచ్చే గుడ్‌ల్యాండ్‌లో దిగుదాం అనుకున్నాం. జూన్ ఆఖరు, గోధుమ కోతల టైం. డెన్వర్ నుంచి దాదాపు 200 మైళ్ళు.

బుకింగ్ ఫోన్‌లోనే అయిపోయింది. డ్రైవింగ్ కూడా కష్టం కాదు, రోడ్డు స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది, కాకపోతే పక్కనుంచి కొట్టే గాలికి 28 అడుగుల బండి ఊగుతుంది, 65 మైళ్ళ స్పీడ్ దాటకండి. కాన్సాస్‌లో ఎగ్జిట్ నంబర్లు కొలరాడో బోర్డర్ నుంచి ఎన్ని మైళ్ళో అదే, గుడ్‌ల్యాండ్‌కి 17, 19. ఇంకోటి, కాన్సాస్‌లో బోర్డర్ పక్కన నాలుగు కౌంటీలు మన డెన్వర్ టైం, అంటే మౌంటెన్ టైంలోనే ఉంటాయి, గుడ్‌ల్యాండ్ అందులోదే. తర్వాతి ఊరు కోల్బీకి వెళ్తే గంట ముందుకి జరుగుతుంది, అక్కడ బుక్ చేసుకుంటే చెక్-ఇన్ టైం చూసుకోండి.

కరెంటు, నీళ్ళు తగిలించుకోవడం పదినిమిషాల పని. 30 ఆంప్స్ సైట్ అయితే మొత్తం 3600 వాట్లే, ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ స్టవ్వూ మైక్రోవేవూ కలిపి వేస్తే ట్రిప్ అవుతుంది. అన్నం, చారు గ్యాస్ మీదే వండుకోండి, ప్రొపేన్ ఎలాగూ నింపే ఇస్తారు. బెడ్లు బాగానే ఉన్నాయి, ఫ్రిజ్ బాగుంది, అమ్మకి కిచెన్ నచ్చింది. ఇక్కడి దాకా అంతా బాగుంది.

ఇప్పుడు అసలు విషయం. ఆర్వీకి కింద రెండు మురుగు ట్యాంకులుంటాయి. సింకు, షవర్ నీళ్ళు పోయేది గ్రే ట్యాంక్. టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంక్. బండి తీసుకునేటప్పుడు ప్యానెల్ మీద బటన్ నొక్కి చూస్తే బ్లాక్ ట్యాంక్ మూడింట రెండొంతులు నిండినట్టు లైట్లు వెలిగాయి. ఇదేంటి అనడిగితే రెంటల్ వాడు నవ్వి "సెన్సార్లు ఎప్పుడూ అలాగే చూపిస్తాయి, మేం ఖాళీ చేసే ఇచ్చాం" అన్నాడు. సెన్సార్లు తప్పు చూపించడం నిజమే, లోపల పేపరు అతుక్కుంటే ఖాళీ ట్యాంక్ కూడా నిండినట్టే చూపిస్తుంది, ఎవర్నడిగినా అదే చెప్తారు. వాడు ఆ మాట చాటున పాత కస్టమర్ల మురుగు మాకు అంటగట్టాడు. నేను ప్రతి బండికీ, ప్రతి ఇంటికీ తీసుకునేముందు వీడియో తీసే మనిషిని. వాడు ఆ మాట అంటున్నదీ, లైట్లు వెలగడమూ మొత్తం ఫోన్‌లో ఉంది. నా భార్య "ఎందుకండీ అన్నీ తీస్తారు" అనేది, ఇప్పుడు అనదు.

ఇంకో చిక్కు ఏంటంటే క్యాంప్‌గ్రౌండ్‌లో మాకు దొరికింది సీవర్ లేని సైట్, అంటే మురుగు అక్కడికక్కడే వదిలే పైపు లేని చోటు. సీవర్ ఉన్నవన్నీ కోతల వాళ్ళవే. టెక్సస్, ఒక్లహోమాల్లో మే నెలలో కోతలు మొదలుపెట్టి, పైరు పండేకొద్దీ ఉత్తరానికి జరుగుతూ మోంటానా, నార్త్ డకోటా దాకా వెళ్ళే ముఠాలుంటాయి, వాళ్ళ ఇళ్ళు కూడా ట్రైలర్లే. కోతలప్పుడు ఈ చిన్న ఊళ్ళలో ఆర్వీ పార్కులు వాళ్ళతోనే నిండిపోతాయి.

మర్నాడు పొద్దున్నే టాయిలెట్‌లో నీళ్ళు దిగడం మానేశాయి, బుడగలొస్తున్నాయి. అమ్మానాన్నలకి నీళ్ళు వాడే అలవాటు, కానీ ఒక్క రాత్రికే నిండేంత కాదు. బండి తీసుకుని డంప్ స్టేషన్‌కి, అంటే ఆర్వీల మురుగు ఖాళీ చేసే చోటికి వెళ్ళాం. అది సరిగ్గా ఆఫీసు ఎదురుగా, అందరూ చెక్-అవుట్ చేసి వెళ్ళే దారిలో ఉంది, మా వెనక అప్పటికే లైన్ మొదలైంది.

పద్ధతి సింపులే. గ్లవ్స్ వేసుకుని, హోస్ (మురుగు పోయే గొట్టం) ఒక చివర బండికి బిగించి, రెండో చివర నేలలో ఉన్న పైపులో పెట్టి, ముందు బ్లాక్ వాల్వ్ లాగాలి, అది అయ్యాక గ్రే, ఆ సబ్బునీళ్ళతో హోస్ కడుక్కుపోతుంది. అన్నీ అలాగే చేశాను. వాల్వ్ లాగాను, రెండు సెకన్లు బాగానే పోయింది, అంతలో బండికి బిగించే కాలర్ (రింగు) కింద హోస్ చీలిపోయింది. వెంటనే వాల్వ్ మూసేశాను కానీ అప్పటికే సిమెంటు మీద, నా బూట్ల మీద, నాన్న పంచె అంచు మీద... ఎవరిదో ముక్కూ మొహం తెలియని వాళ్ళది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పక్కకి తిరిగింది.

క్యాంప్‌గ్రౌండ్ చూసుకునే ఆయన గోల్ఫ్ కార్ట్‌లో వచ్చాడు. దిగకుండానే అరవడం మొదలుపెట్టాడు. హోస్ చిరిగింది, మాది కాదు, రెంటల్ వాళ్ళిచ్చింది అని చూపించబోతే వినడు. క్లీనింగ్ ఫీజు 200 డాలర్లు కట్టి మధ్యాహ్నానికల్లా ఖాళీ చేయాలన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది, "మీ దేశంలో ఇలాగే చేస్తారేమో, ఇక్కడ కుదరదు" అన్నాడు, లైన్‌లో ఉన్నవాళ్ళందరూ కిటికీలు దించి చూస్తుండగా. నాన్నకి ఇంగ్లిష్ రాదు. కానీ కొడుకుని ఎవరో తిడుతున్నారని తెలియడానికి ఇంగ్లిష్ అక్కర్లేదు కదా. ఆయన ఏం మాట్లాడలేదు, పంచె ఎగ్గట్టి, పక్కనున్న కడిగే పైపు తీసుకుని ఆ సిమెంటు మీదంతా నీళ్ళు కొట్టడం మొదలుపెట్టాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, నలభై ఎకరాలు చేయించిన మనిషి. ఆ నిమిషంలో నాకు కలిగిన బాధ ఇక్కడ రాయడం నా వల్ల కాదు.

అప్పుడొచ్చాడు ఒక కుర్రాడు. పాతికేళ్ళుంటాయి, సౌత్ ఆఫ్రికా నుంచి కోతల పనికొచ్చాడు. పొద్దున పూట గోధుమకి మంచు పట్టి ఉంటుంది, గింజలో తేమ 13, 13.5 శాతానికి దిగితే గానీ కోయరు, అందుకే ఎండ ముదిరేదాకా ఆ ముఠా క్యాంప్‌లోనే ఉంటుంది, లేకపోతే మాకు ఆ మనిషి దొరికేవాడే కాదు. వాడు గ్లవ్స్ వేసుకుని హోస్ విప్పి కాలర్ వెనక్కి జరిపాడు. లోపల పాత చీలిక, దానికి చుట్టూ నల్ల టేపు! బయటికి కనపడకుండా కాలర్ కిందకి దోపి ఇచ్చారు. ఆ టేపు పీకి ఆ గోల్ఫ్ కార్ట్ పెద్దమనిషి మొహం ముందు పెట్టి "ఇది వీళ్ళ తప్పెలా అవుతుంది" అన్నాడు. ఆయన టేపు చూశాడు, మా నాన్నని చూశాడు, కార్ట్ తిప్పుకుని వెళ్ళిపోయాడు. సారీ లేదు. ఫీజు సంగతి మళ్ళీ ఎత్తలేదు, ఖాళీ చేయమనీ అనలేదు.

కుర్రాడు వాళ్ళ ట్రైలర్ నుంచి హోస్ తెచ్చి దగ్గరుండి రెండు ట్యాంకులూ ఖాళీ చేయించాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. వాళ్ళొచ్చేది హెచ్2ఏ, అంటే సీజన్ వ్యవసాయ పనుల వీసా మీద. మనం హెచ్1బీ, గ్రీన్ కార్డ్ లైన్ అంటూ రాత్రింబగళ్ళు మాట్లాడుకుంటాం, ఇదే దేశంలో సీజన్‌కొచ్చి, అర్ధరాత్రి దాకా కంబైన్లు (కోత మిషన్లు) నడిపి, పని అవగానే ఇంటికెళ్ళిపోయే పిల్లలున్నారని మనలో ఎంతమందికి తెలుసు? అమ్మ పులిహోర కలిపి డబ్బా నింపి ఇచ్చింది, అది మాత్రం తీసుకున్నాడు.

సాయంత్రం వాళ్ళ ముఠా పెద్ద నాన్నని కంబైన్ ఎక్కించుకున్నాడు. దాని ముందుండే నలభై అడుగుల హెడర్ (పైరు కోసే భాగం) ఒక్కసారి పోతే మన ఊళ్ళో ఒక మడి అయిపోతుంది. నాన్న అడిగిన మొదటి ప్రశ్న ఎకరానికెన్ని బస్తాలు. ఆ చేలో నలభై బుషెల్స్ అన్నాడు, బుషెల్ అంటే 27 కిలోల పైచిలుకు, లెక్కేస్తే మన 75 కిలోల బస్తాలు పద్నాలుగున్నర. "ఇంతేనా, మాకు వరి ముప్పై దాటుతుంది" అన్నారు నాన్న. నీళ్ళు లేని మెట్ట చేను, సెప్టెంబర్‌లో చల్లి చలికాలమంతా మంచు కింద వదిలేసిన పంట అని చెప్పాక "అయితే గొప్పే" అన్నారు. పక్కనే మొక్కజొన్నకి గుండ్రంగా తిరిగే పైపులతో నీళ్ళు పెడుతున్నారు, అది ఒగల్లాలా అని భూమి కింది నీళ్ళు, తోడేకొద్దీ దిగిపోతున్నాయట. నాన్న దాని గురించి రాత్రి చాలాసేపు అడిగారు.

అమ్మకి పొద్దుతిరుగుడు తోటలు చూడాలని ఉండేది, అవి ఆగస్టులో గానీ పూయవు. ఊళ్ళో 80 అడుగుల స్టాండు మీద వాన్ గో పొద్దుతిరుగుడు పూల బొమ్మ ఉంటే అక్కడ ఫోటో దిగాం.

ఇక రిటర్న్. రెంటల్ వాడు హోస్ పాడుచేశారని, ట్యాంక్ సరిగ్గా కడగలేదని డిపాజిట్‌లో కోత పెట్టాడు. పీకిన టేపూ, ఆ కాలరూ కవర్‌లో పెట్టి తెచ్చాను, వీడియో కౌంటర్ మీద పెట్టి అందరికీ వినపడేలా ప్లే చేశాను. ట్యాంక్ డబ్బులు అక్కడికక్కడే వెనక్కి వేశాడు. హోస్ డబ్బులు మేనేజర్ వచ్చాక అన్నాడు, కార్డ్ కంపెనీలో డిస్ప్యూట్ వేసేశాను.

మీరు చేయాల్సింది: బండి తీసుకునేటప్పుడు ప్యానెల్ లైట్లు నమ్మొద్దు, వాడి మాట అసలే నమ్మొద్దు. టాయిలెట్ పెడల్ తొక్కి ఫోన్ టార్చ్ వేసి లోపలికి చూడండి, నిండిందో లేదో కళ్ళకి కనపడుతుంది. వాళ్ళ హోస్ ముట్టుకోకుండా కొత్తది కొనుక్కోండి, పారదర్శకంగా ఉండే ఎల్బో (వంపు ముక్క) ఉన్నది తీసుకోండి. క్యాంప్‌లో ఉన్నన్నాళ్ళూ బ్లాక్ వాల్వ్ మూసే ఉంచండి, తెరిచి ఉంచితే నీళ్ళు పోయి గట్టిది అడుగున పేరుకుంటుంది. కోతల సీజన్‌లో వెళ్తే సీవర్ ఉన్న సైట్ నెలల ముందే అడగండి. డిస్ప్యూట్ ఏమైందో తేలాక ఇక్కడే రాస్తాను.