ఇంజన్ ఆయిల్, కూలెంట్ కలిశాయా? హెడ్ దించే ముందు నేను చూసుకున్నవి

సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న నాలుగు సిలిండర్ల డీజిల్ కారు. కూలెంట్ డబ్బా మూత తీస్తే లోపలి అంచుల చుట్టూ గోధుమరంగు జిడ్డు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మాత్రం మామూలు నలుపే, కాకపోతే మట్టం కింది గీత దాకా దిగింది. ఇలాంటి బండి చూడగానే ఎవరైనా అనే మొదటి మాట "గాస్కెట్ పోయింది, హెడ్ దించాలి" అని. హెడ్ అంటే సిలిండర్లను పైనుంచి మూసే భాగం, గాస్కెట్ అంటే దాని కింద లీకు కాకుండా ఉంచే పలచటి పలక. నేను దించలేదు. ఏది ఎందులోకి వెళ్తోందో ముందు తేల్చుకోవాలి.

ఇంజన్ తిరుగుతున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ 3, 4 బార్ దాకా ఉంటుంది. కూలెంట్‌ది ఒకటి, ఒకటిన్నర బార్ మించదు. రెండింటి మధ్య గోడకు చిల్లు పడితే ఆయిలే కూలెంట్‌లోకి పోతుంది. ఇంజన్ ఆపాక లెక్క తారుమారు: ఆయిల్ ప్రెషర్ సున్నాకి పడిపోతుంది, వేడి మీదున్న కూలెంట్ ప్రెషర్ ఇంకాసేపు నిలుస్తుంది, ఆ కాసేపట్లో కొంచెం కూలెంట్ ఆయిల్ వైపు జారుతుంది. అందుకే కూలెంట్ డబ్బాలో జిడ్డు ఎక్కువ, ఆయిల్‌లో నీరు తక్కువ అంటే నా మొదటి అనుమానం ఆయిల్ కూలర్ (కూలెంట్‌తో ఆయిల్‌ని చల్లబరిచే భాగం) మీదికే పోతుంది. ఆయిల్ మట్టం పెరిగి, మొత్తం మీగడలా తయారైతే కథ వేరు. అప్పుడు గాస్కెట్, హెడ్‌లో పగులు, కొన్ని ఇంజన్లలో టైమింగ్ కవర్ లోపల ఉండే వాటర్ పంప్, వెట్ లైనర్ల (చుట్టూ కూలెంట్ తగిలే సిలిండర్ గొట్టాల) ఓ-రింగులు, అంటే రబ్బరు సీలు రింగులు, అన్నీ వరసలోకి వస్తాయి.

ఆయిల్ పోసే మూత కింద తెల్లటి పొర ఒక్కటే చూసి కంగారు పడక్కర్లేదు. బండి దగ్గరి దూరాలకే తిరిగితే లోపలి తేమ ఆవిరవక అక్కడ పేరుకుంటుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న బండిలో జిడ్డు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్ లోపలి గేర్ ఆయిల్ కూలర్ చూడాలి, ఇంజన్ జోలికి వెళ్లకూడదు. అమ్మేవాళ్లు డబ్బా కడిగి కొత్త కూలెంట్ పోసి చూపించొచ్చు. రేడియేటర్ పై గొట్టం ఊడదీసి లోపల వేలు తిప్పితే అసలు సంగతి తెలిసిపోతుంది.

ఇక్కడి నుంచి తేలేదాకా ఇంజన్ స్టార్ట్ చేయలేదు. గ్లైకాల్ (కూలెంట్‌లో ఉండే రసాయనం) కలిసిన ఆయిల్ బేరింగుల మీద నిలబడదు, వాటిని తినేస్తుంది. రాత్రంతా బండిని కదపకుండా ఉంచి, పొద్దున్నే చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) డ్రెయిన్ బోల్టుని పూర్తిగా తీయకుండా మెల్లగా వదులు చేశాను. కూలెంట్ ఆయిల్ కన్నా బరువు కాబట్టి అడుగున చేరుతుంది, ముందు అదే కారుతుంది. పచ్చరంగు చుక్కలు కొన్ని వచ్చి, వెంటనే నల్ల ఆయిల్ మొదలైంది. అనుమానం మిగిలితే బాగా వేడెక్కిన రేకు మీద ఒక చుక్క ఆయిల్ వేయండి, నీరుంటే చిటపటలాడుతుంది.

తర్వాత ప్రెషర్ టెస్టర్, అంటే కూలెంట్ సిస్టమ్‌లోకి గాలి కొట్టి ప్రెషర్ నిలుస్తుందో లేదో చూపే పంపు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మూత స్థానంలో బిగించి, మూత మీద అచ్చేసిన అంకె దాకా మాత్రమే పంపు కొట్టాలి. నా బండికి అది 1.1 బార్. 20 నిమిషాల్లో ముల్లు 0.8కి పడింది, బయట ఎక్కడా తడి లేదు. అంటే లీకు లోపలే. ఎక్కడన్నది ఈ టెస్ట్ చెప్పదు.

గాస్కెట్ సంగతి తేల్చడానికి చాలామంది నీలం ద్రవం ఉన్న బ్లాక్ టెస్టర్ వాడతారు. సిలిండర్‌లో ఇంధనం కాలిన గ్యాస్ తగిలితే దాని రంగు పెట్రోల్ బండిలో పసుపుకి, డీజిల్‌లో ఆకుపచ్చకి తిరుగుతుంది. దానికి ఇంజన్ నడపాలి, పైగా ఐడిల్‌లో డీజిల్ పొగలో కార్బన్ డయాక్సైడ్ తక్కువ కాబట్టి లీకు ఉన్నా రంగు మారకపోవచ్చు. నేను లీక్-డౌన్ చేశాను: గ్లో ప్లగ్ (డీజిల్ సిలిండర్‌ని వేడిచేసే ప్లగ్) తీసి, ఆ సిలిండర్‌ని కంప్రెషన్ టీడీసీకి, అంటే వాల్వులు మూసుకుని పిస్టన్ పూర్తిగా పైనున్న చోటికి తెచ్చి, ఆ రంధ్రంలోంచి 5 బార్ గాలి ఎక్కించి, నిండుగా ఉన్న కూలెంట్ డబ్బాలో బుడగల కోసం చూడటం. గాలి పెట్టే ముందు ఇంజన్‌ని తిప్పడానికి క్రాంక్ బోల్టు మీద పెట్టిన స్పానర్ తీసేయండి, క్రాంక్ గిర్రున తిరిగితే చెయ్యి విరుగుతుంది. నాలుగు సిలిండర్లలోనూ ఒక్క బుడగ రాలేదు.

అయినా గాస్కెట్ నిర్దోషి అనడానికి వీల్లేదు. ఆయిల్ దారికీ నీటి దారికీ మధ్య మాత్రమే గాస్కెట్ తెగితే సిలిండర్‌లో గాలి ఎక్కడికీ పోదు. చివరి మాట కూలర్ విప్పితేనే తెలుస్తుంది.

ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్‌కి అతుక్కుని ఉండే అరచేతి సైజు పలకల కూలర్ అది. కూలెంట్ దించి, బోల్టులు విప్పి తీశాను. దాని ఓ-రింగులు నొక్కుకుపోయి ఉన్నా ఎక్కడా తెగలేదు. ఒక ఆయిల్ రంధ్రాన్ని రబ్బరు ముక్క, రేకుతో బిగించి, రెండో దాంట్లోంచి 3 బార్ గాలి పెట్టి నీటిలో ముంచితే మొదట కంటికి కనిపించే బుడగలేవీ లేవు. 70 డిగ్రీల వేడినీటిలో ముంచగానే కూలెంట్ రంధ్రంలోంచి సన్నటి బుడగల వరస. లోహం వేడికి సాగితేనే బాగా తెరుచుకునే పగులు ఇలాగే దొరుకుతుంది, చన్నీళ్లలో చూసి బాగుందనుకుంటే మళ్లీ మొదటికే. కూలర్‌ని అతికించే ప్రయత్నం చేయొద్దు. కొత్తది, కొత్త ఓ-రింగులతో సహా వేయాలి.

విసుగు పుట్టించేది కడగడం. ఆయిల్ వైపు సులభం: కొత్త ఫిల్టర్, సాదా ఆయిల్ పోసి ఐడిల్‌లో 10 నిమిషాలు నడిపి దించేసి, అదే ఇంకోసారి చేసి, ఆ తర్వాతే మంచి ఆయిల్. కూలెంట్ వైపు థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వు) తీసేసి, హీటర్ పూర్తి వేడిలో పెట్టి, నురగ రాని డిష్‌వాషర్ పౌడర్ కలిపిన నీటితో వేడెక్కేదాకా నడిపి, కాస్త చల్లారాక దించాలి. చేత్తో గిన్నెలు తోమే సబ్బు వేస్తే నురగతో సిస్టమ్ నిండిపోతుంది. నీటి మీద జిడ్డు తెలియనంత వరకు ఇదే పని, ఆ తర్వాత ఉత్త నీటితో రెండుసార్లు. రబ్బరు గొట్టాలు ఆయిల్ తాగి ఉబ్బి మెత్తబడతాయి. నొక్కితే జిగటగా అనిపించినవి, డబ్బా మూత మార్చేయండి. థర్మోస్టాట్ బిగించి, డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలిపిన కూలెంట్ పోసి, గాలి తీసేయాలి.

చల్లారాక ప్రెషర్ టెస్టర్ మళ్లీ పెట్టాను, 1.1 దగ్గర ముల్లు కదల్లేదు. డబ్బా మీద మట్టం దగ్గర టేపు అంటించి ఉంచండి. మొదటి 500 కిలోమీటర్ల దాకా సన్నటి జిడ్డు పొర తేలుతూ ఉండొచ్చు, అది మూలల్లో మిగిలిన పాతదే. పొర చిక్కబడినా, టేపు నుంచి మట్టం దిగినా అప్పుడు హెడ్ దించాల్సిందే. 500 దాటాక ఆయిల్, ఫిల్టర్ ఇంకోసారి మార్చాలి.