కొలంబస్ నుంచి బ్లూమింగ్టన్‌కు

ఒహాయోలోని కొలంబస్‌లో మా మేనల్లుడి ఇంటికి వెళ్లినప్పుడు కొలంబస్ క్రూ అనే ఫుట్‌బాల్ (సాకర్) జట్టు పాత స్టేడియం చూపించమని అడిగాను. 1999లో ప్రారంభమైన ఈ స్టేడియం, అమెరికా ప్రధాన ఫుట్‌బాల్ లీగ్ అయిన మేజర్ లీగ్ సాకర్‌లో ఈ ఆట కోసమే కట్టిన మొట్టమొదటిది. నాకిష్టమైన ఆటగాడు టాడ్ యేగ్లీ 1999 నుంచి ఆడింది ఇక్కడే. 1996లో లీగ్ మొదలైనప్పటి నుంచి 2002 వరకు ఆయన కొలంబస్ క్రూ తప్ప మరో జట్టు మొహం చూడలేదు.

"అంత గొప్ప ఆటగాడా మామయ్యా?" అన్నాడు మావాడు. ఆయన ఆట కంటే, ఆట మానేశాక తాను చదివిన ఇండియానా విశ్వవిద్యాలయంలోనే కోచ్‌గా పట్టిన దారి నాకు ఎక్కువ ఇష్టం.

ఆ విశ్వవిద్యాలయం చూడటానికి మర్నాడు కారులో ఇండియానా బయలుదేరాం. ఇండియానాపొలిస్ దాకా చదును నేల, మొక్కజొన్న చేలు. దక్షిణానికి తిరిగాక గుట్టలు, చెట్లు పలకరించాయి. బ్లూమింగ్టన్‌లో విశ్వవిద్యాలయ భవనాలు చాలావరకు ఆ ప్రాంతపు సున్నపురాయితో కట్టినవే.

ఆర్మ్‌స్ట్రాంగ్ స్టేడియంలో సైకిల్ పందేల ట్రాక్ మధ్యన ఉన్న పచ్చిక మైదానానికి టాడ్ తండ్రి జెర్రీ యేగ్లీ పేరు పెట్టారు. ఆయన 1963లో వచ్చేనాటికి ఇక్కడ ఫుట్‌బాల్ కేవలం క్లబ్బు ఆట. విశ్వవిద్యాలయ జట్టు హోదా దక్కడానికి పదేళ్లు పట్టింది. ఆ జట్టుకు ఆయన కోచ్‌గా ఆరు జాతీయ కళాశాల టైటిళ్లు సాధించిపెట్టారు.

కొడుకు తండ్రి దగ్గరే నాలుగేళ్లు ఆడినా టైటిల్ మాత్రం అందలేదు. చివరి ఏడాది, 1994 ఫైనల్లో వర్జీనియా చేతిలో 1-0తో ఓటమి. ఆ లోటు తీరింది 2003లో, సహాయక కోచ్‌గా. అది తండ్రికి చివరి సీజన్. ఫైనల్ జరిగింది ముందురోజు మేము చూసిన కొలంబస్ స్టేడియంలోనే! సెయింట్ జాన్స్‌పై 2-1తో గెలిచి జెర్రీ విరమించారు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

టాడ్ 2009లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి ప్రధాన కోచ్‌గా వెళ్లి, మరుసటి ఏడాదికల్లా అదే హోదాలో సొంత గూటికి వచ్చారు. 2012లో జార్జ్‌టౌన్‌ను 1-0తో ఓడించి టైటిల్ తెచ్చారు. ఆ తర్వాత స్టాన్‌ఫోర్డ్, మార్షల్, సిరక్యూస్ జట్లతో మూడు ఫైనళ్లు ఓడిపోయారు. రెండు అదనపు సమయంలో జారిపోతే, మూడోది పెనాల్టీల్లో. అయినా, నాలుగేళ్లకే ఆటగాళ్లంతా మారిపోయే కళాశాల జట్టును అన్నిసార్లు ఫైనల్‌దాకా నడిపించడం మామూలు పని కాదు.

సాయంత్రం మ్యాచ్‌కు ఎరుపు దుస్తుల విద్యార్థులు వచ్చారు. మావాడు జట్టు చిహ్నం మీది నక్షత్రాలు లెక్కపెట్టాడు.

"ఎనిమిది ఉన్నాయి. ఆరు తండ్రివి, ఒకటి కొడుకుది. మరి ఇంకొకటి?"

"2004లో మైక్ ఫ్రైటాగ్ ప్రధాన కోచ్‌గా గెలిచింది. అప్పుడు కూడా టాడ్ సహాయకుడిగా ఉన్నారు" అన్నాను.