ట్రెంటన్ లోకల్లో మూడో పిక్

నయాగరా గురించి, వాషింగ్టన్ గురించి, లిబర్టీ విగ్రహం గురించి మనవాళ్లు రాయనిది ఏమీ మిగల్లేదు. అవన్నీ నేనూ చూశాను, బాగున్నాయి. కానీ న్యూజెర్సీ ఎడిసన్‌లో మా అన్నయ్య వాళ్లింట్లో ఉన్న ఆ వేసవిలో కూర్చుని రాయాలనిపించింది మాత్రం ట్రెంటన్ నుంచి ఫిలడెల్ఫియా వెళ్లే లోకల్ రైలు గురించి, అందులో దారంతా వాదించుకున్న ఫిలడెల్ఫియా బాస్కెట్‌బాల్ జట్టు సిక్సర్స్ అభిమానుల గురించి. అది 2025 జూన్ 25, బుధవారం. ఎన్‌బీఏ డ్రాఫ్ట్ రోజు, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే రోజు. ఆ వంతునే పిక్ అంటారు.

అన్నయ్య కొడుకు రట్గర్స్‌లో చదువుతున్నాడు. ఆ ఏడాది వాళ్ల కాలేజీ జట్టులో డిలన్ హార్పర్, ఏస్ బెయిలీ అని ఇద్దరు కుర్రాళ్లు ఆడారు. దేశం మొత్తంలో మొదటి ఐదుగురిలో ఉంటారని అందరూ చెప్పిన ఆటగాళ్లు ఇద్దరు ఒకే జట్టులో ఉండి కూడా రట్గర్స్ 15 ఆటలు గెలిచి 17 ఓడింది. మార్చిలో జరిగే జాతీయ టోర్నమెంటుకు అర్హత కూడా రాలేదు. చలికాలమంతా వాళ్ల కాలేజీ ఊరు పిస్కాటవేలో గొంతు పోయేలా అరిచిన మావాడికి చివరికి ఒకే ఆశ మిగిలింది. బెయిలీని పక్కనే ఉన్న ఫిలడెల్ఫియా సిక్సర్స్ తీసుకోవాలి. "వాడు ఫిల్లీకి వస్తే మనం రైలెక్కి వెళ్లి చూసి రావచ్చు బాబాయ్" అని నేను వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పాట. డ్రాఫ్ట్ జరిగేది బ్రూక్లిన్‌లో. మేం ఎక్కింది దానికి ఎదురు దిక్కు రైలు. ఆ కబురు సిక్సర్స్ జనం మధ్య కూర్చుని వినాలని వాడి పట్టుదల.

నాకూ ఆ జట్టంటే పాత మమకారం ఉంది. గుంటూరులో హాస్టల్లో ఉండి సిమెంటు కోర్టు మీద బాస్కెట్‌బాల్ ఆడుకునే రోజుల్లో, 2001 జూన్‌లో, పొద్దున్నే కేబుల్ టీవీ ముందు కూర్చుని అలెన్ ఐవర్సన్‌ని చూశాను. ఆరడుగుల మనిషి. లాస్ ఏంజిలస్ వెళ్లి లేకర్స్ మీద 48 పాయింట్లు కొట్టి ఫైనల్స్ మొదటి ఆట గెలిపించాడు. తర్వాత వరసగా నాలుగు ఓడిపోయారు. అయినా ఆ ఒక్క ఆట చాలు, ఇన్నేళ్లూ వాళ్ల స్కోరు చూడకుండా ఉండలేదు.

డైరెక్ట్ రైలు టికెట్ ధర చూసి ఇద్దరం నోరు మూసుకుని మెట్రోపార్క్‌లో మామూలు రైలే ఎక్కాం. ట్రెంటన్‌లో దిగి మారాలి, ఎక్కువ టైం పడుతుంది. కానీ ఆ తేడాతో ఇద్దరికీ రాత్రి భోజనం అయిపోతుంది. ఆ వారం అక్కడ ఎండలు వంద ఫారెన్‌హీట్ చుట్టుపక్కల ఉన్నాయి. వేసవి సెలవులన్నీ రెంటచింతలలో మేనమామ ఇంట్లో గడిపినవాణ్ణి, ఎండకు నేను భయపడను. రైళ్లు మాత్రం భయపడతాయి. పట్టాలు వేడికి సాగుతాయి కాబట్టి అలాంటి రోజుల్లో వేగం తగ్గించి నడుపుతారు. ట్రెంటన్ దాటి డెలావేర్ నది మీద బండి మెల్లగా పోతుంటే పక్క వంతెన మీద పెద్ద అక్షరాలు కనిపించాయి: ట్రెంటన్ తయారుచేస్తుంది, ప్రపంచం తీసుకుంటుంది. మావాడు అది చదివి, "రట్గర్స్ తయారుచేస్తుంది, ఫిల్లీ తీసుకుంటుంది" అన్నాడు, కాస్త గట్టిగానే.

ఎదురు సీట్లో ఐవర్సన్ మూడో నంబర్ చొక్కా వేసుకున్న ఒకావిడ తల తిప్పింది. యాభై దాటి ఉంటాయి. నర్సట, నైట్ డ్యూటీకి వెళుతోంది. వాడి రట్గర్స్ ఎర్ర టీషర్టు చూసి సూటిగా అడిగింది: "ఏం బాబూ, మీ వాడు మా ఊరికి ఎందుకు రాలేదు?"

ఆ ప్రశ్నకు అర్థం తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్లు ఒక్కో ఊరు వెళ్లి జట్ల ముందు ఆడి చూపిస్తారు, మాట్లాడతారు, భోంచేస్తారు. బెయిలీ ఫిలడెల్ఫియా వస్తానని ఒప్పుకుని, సరిగ్గా కొద్ది రోజుల ముందు రద్దు చేసుకున్నాడు. మనసులో వేరే ఊరేదో ఉందని అందరికీ అనుమానం. మూడో నంబర్ పిక్ చేతిలో ఉన్న జట్టుకి అది అవమానం.

మన ఐపీఎల్ వేలంతో దీన్ని పోల్చి చూసుకోవచ్చు, కానీ కొంతవరకే. 2023 డిసెంబర్‌లో సన్‌రైజర్స్ ప్యాట్ కమిన్స్‌కి 20.5 కోట్లు పెట్టినప్పుడు మా వీధిలో గొడవంతా ఆ డబ్బు గురించే. ఇక్కడ పాట లేదు, సుత్తి లేదు. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌కి వెళ్లని 14 జట్లకు బంతులతో లాటరీ తీశారు. మరీ ఓడిపోయిన జట్లకు అవకాశం ఎక్కువ. మొదటి నాలుగు స్థానాలు అలా తేలాక మిగిలినవాళ్లు ఓటముల వరసలో నిలబడ్డారు. ఆ సీజన్ సిక్సర్స్ 24 గెలిచి 58 ఓడారు. జట్టులో పెద్ద స్టార్ జోయెల్ ఎంబీడ్ మోకాలి వల్ల 19 ఆటలే ఆడాడు. పైగా పాత ఒప్పందం ఒకటి మెడ మీద ఉంది: పిక్ మొదటి ఆరు లోపల రాకపోతే ఓక్లహోమా సిటీకి ఇచ్చెయ్యాలి. ఓడిన ఏడాది ఫలం కూడా వేరేవాడి పాలయ్యేది. మే 12న షికాగోలో బంతులు తిరిగి మూడో స్థానం వచ్చింది. ఆ ఓక్లహోమా వాళ్లే మా ప్రయాణానికి మూడు రోజుల ముందు ఛాంపియన్లయ్యారు. ఇచ్చేసి ఉంటే ఈ ఊరివాళ్లు ఎలా తట్టుకునేవారో ఊహించలేను.

మొదటి పిక్ కూపర్ ఫ్లాగ్, రెండోది హార్పర్ అని లోకమంతా ఖాయం చేసేసింది. అసలు తగువు మూడు దగ్గరే. బెయిలీయా, బేలర్ కాలేజీలో ఆడిన వీజే ఎడ్జ్‌కోంబా?

మావాడు వకీలులా మొదలుపెట్టాడు. ఆటకి 17.6 పాయింట్లు, ఏడుకి పైగా రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం), ఇంకా పంతొమ్మిది నిండలేదు, ఎవడు చెయ్యి అడ్డం పెట్టినా పైనుంచి షాట్ వెయ్యగలడు. నర్సమ్మ ఊరుకోలేదు. "కాలేజీ వాళ్లు ఆరడుగుల పది అంగుళాలని రాశారు. షికాగోలో బూట్లు విప్పి కొలిస్తే ఆరడుగుల ఏడున్నర వచ్చింది. మిగతా రెండున్నర అంగుళాలు ఎక్కడికి పోయాయి?" పక్క వరసలో పని బూట్లేసుకున్న ఓ కుర్రాడు నవ్వుతూ లేచి వచ్చి మా పక్కనే నిలబడ్డాడు. అతను ఎడ్జ్‌కోంబ్ పక్షం. బహమాస్‌లో బిమిని అనే చిన్న దీవి నుంచి వచ్చాడు, బంతి ఎవరి చేతిలో ఉన్నా లాక్కుంటాడు, గాల్లోకి లేస్తే చూడాలి అన్నాడు. "ఆరడుగుల నాలుగు అంగుళాలవాడు మనకెందుకు? బంతి నడిపే గార్డులు మనకి మ్యాక్సీ ఉన్నాడు, మెకెయిన్ ఉన్నాడు" అని కిటికీ పక్క పెద్దాయన. ఆయన 1983లో మోజెస్ మలోన్, జూలియస్ ఎర్వింగ్ ఉన్న జట్టు లేకర్స్‌ని నాలుగుకు నాలుగు ఓడించినప్పుడు ఊరేగింపులో నిలబడ్డవాడు. ఆ తర్వాత మరో కప్పు లేదు.

కార్న్‌వెల్స్ హైట్స్ స్టేషన్ దగ్గర బండి పూర్తిగా ఆగింది. ఎందుకో ఎవరికీ తెలియదు. చేతిలో నీళ్ల బాటిల్ ఖాళీ. స్టేషన్లో దానికే నాలుగు డాలర్లు పెట్టాను, ఆ బాధ వేరే. మామూలు రోజైతే నాకు చిరాకు వచ్చేది. ఆ రోజు మాత్రం బండి ఇంకాసేపు ఆగినా ఫరవాలేదనిపించింది, ఎందుకంటే వాళ్ల మాటల్లో ఒకటి గమనించడం మొదలుపెట్టాను.

వాళ్లు బెయిలీ గురించీ ఎడ్జ్‌కోంబ్ గురించీ మాట్లాడటం తక్కువ. నర్సమ్మ బెయిలీ పేరెత్తగానే బెన్ సిమ్మన్స్ వస్తాడు. 2016లో సిక్సర్స్ తీసుకున్న మొదటి పిక్. 2021 ప్లేఆఫ్స్‌లో అట్లాంటా మీద ఏడో ఆటలో బుట్ట కింద ఖాళీగా ఉండి కూడా బంతి వేరేవాడికి ఇచ్చేశాడు, తర్వాత ఈ ఊళ్లో ఆడనని కూర్చున్నాడు. "ఇక్కడికి రావడమే ఇష్టం లేనివాణ్ణి మళ్లీ పెళ్లికొడుకులా పిలవాలా?" అందావిడ. బూట్ల కుర్రాడి బాధ 2017. బోస్టన్‌కి తమ మూడో పిక్ ఇచ్చి మరీ మొదటి పిక్‌కి వెళ్లి మార్కెల్ ఫల్జ్‌ని తీసుకున్నారు. అతని భుజం చెడి, షాట్ చెడి, మొత్తం 33 ఆటలు ఆడి వెళ్లిపోయాడు. ఆ మూడో పిక్‌తో బోస్టన్ తీసుకున్నది జేసన్ టేటమ్‌ని. 2024లో వాళ్లకి కప్పు వచ్చింది. పెద్దాయనది ఇంకా లోతు. 2018లో పదో పిక్‌తో మికాల్ బ్రిడ్జెస్‌ని తీసుకున్నారు. ఊరి పక్క విల్లనోవా కుర్రాడు, వాళ్లమ్మ ఈ జట్టు యజమానుల సంస్థలోనే ఉద్యోగం. తల్లీకొడుకులు సంబరంలో ఉండగానే అదే రాత్రి ఫీనిక్స్‌కి పంపేశారు. "అమ్మ ముందు అలా చేస్తారా ఎవరైనా?" అన్నాడాయన నా వైపు తిరిగి, ఏడేళ్ల కిందటి సంగతి నిన్న రాత్రి జరిగినట్టు. నేనేం చెప్పను? నాకూ మనసు కలుక్కుమంది.

2013 నుంచి మూడేళ్లు ఈ ఊరు కావాలనే ఓడిన జట్టుని భరించింది. శామ్ హింకీ మేనేజరుగా ఉన్న కాలం. మంచి పిక్‌లు రావాలంటే ఓడాలి, ఓపిక పట్టండి, ప్రాసెస్‌ని నమ్మండి అన్నారు. మూడు సీజన్లలో కలిపి 47 విజయాలు. చివరి ఏడాది 10 గెలిచి 72 ఓడారు. నమ్మారు వీళ్లు. టికెట్లు కొన్నారు, డ్యూటీలు మార్చుకున్నారు, పిల్లలకి చొక్కాలు కొనిపెట్టారు. ఆ మూడేళ్ల నుంచి నిలిచింది ఒక్క ఎంబీడ్, అతనికీ మోకాళ్లు సహకరించవు. కాబట్టి ఇవాళ ఒక పిల్లాణ్ణి ఎంచుకోమంటే వీళ్లు ముందు పాత గాయాలు తడిమి చూసుకుంటున్నారు. వీళ్ల చేతిలో ఓటు లేదు, ఫోన్ చేస్తే వినేవాడు లేడు. అయినా ఒక్కొక్కరూ కేసు కట్ట పట్టుకుని వచ్చినట్టు వచ్చారు. నేను చూసిన అభిమానుల్లో ఇంత శ్రద్ధ, ఇంత ఓర్పు ఉన్నవాళ్లు లేరు, ఆ మాట వాళ్లతోనే చెప్పాను. నర్సమ్మ నా చెయ్యి తట్టి, "మరి మీ ఓటు ఎవరికి?" అంది.

ఎడ్జ్‌కోంబ్‌కే అన్నాను. మావాడు "బాబాయ్!" అని అరిచాడు. నా లెక్క వేరు. ఎంబీడ్, పాల్ జార్జ్ ఇద్దరూ ముప్పై దాటి గాయాలతో ఉన్నారు. వాళ్ల పక్కన షాట్ల కోసం ఎదురుచూసేవాడికంటే పరిగెత్తి, కాపలా కాసి, బంతి లాక్కొచ్చేవాడు రేపే పనికొస్తాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. బండి కదిలింది. నార్త్ ఫిలడెల్ఫియా దాకా ఆయన నన్ను వదల్లేదు.

థర్టీయత్ స్ట్రీట్ స్టేషన్లో నర్సమ్మ దిగిపోతూ మూడో పిక్ టైముకి బ్రేక్ తీసుకుంటానని చెప్పింది, మావాడి నంబర్ తీసుకుంది. బూట్ల కుర్రాడు మమ్మల్ని సబ్‌వేలో దక్షిణానికి తీసుకెళ్లి ఒక చిన్న బార్‌లో కూర్చోబెట్టాడు. చీజ్‌స్టేక్, అంటే మాంసం, చీజ్ పెట్టిన రొట్టె, పదహారు డాలర్లు. మనిషి కౌంటర్ మీదనుంచి అందించినందుకు కూడా మిషన్ ఇరవై శాతం టిప్ అడుగుతుంది. రుచి బాగుంది, ఆ మాట దాచను.

ఎనిమిదింటికి మొదలైంది. డల్లాస్ ఫ్లాగ్‌ని తీసుకుంది. హార్పర్ శాన్ ఆంటోనియోకి వెళ్లాడు, మావాడు ఒక్కడే లేచి చప్పట్లు కొట్టాడు. తర్వాతి ఐదు నిమిషాలూ బార్‌లో గ్లాసు పెట్టిన చప్పుడు కూడా విసుగ్గా వినిపించింది. లీగ్ కమిషనర్ ఆడమ్ సిల్వర్ వచ్చి వీజే ఎడ్జ్‌కోంబ్ అనగానే సగం మంది గాల్లోకి ఎగిరారు, సగం మంది తల పట్టుకున్నారు, నిమిషంలోనే రెండు సగాలూ మళ్లీ వాదనలో పడ్డాయి. నాలుగు షార్లెట్. ఐదోది యూటా, 65 ఓటములతో అందరికంటే అడుగున ఉండి కూడా లాటరీలో ఐదుకి జారిపోయిన జట్టు. బెయిలీ అక్కడికి. "సాల్ట్ లేక్ సిటీకి ఏ లోకల్ వెళుతుంది బాబాయ్?" అన్నాడు మావాడు. ప్లేటులో మిగిలిన నా సగం కూడా వాడికే ఇచ్చాను.

అక్టోబర్ 22న, నేను గుంటూరు తిరిగొచ్చేశాక, ఎడ్జ్‌కోంబ్ తన మొట్టమొదటి ఆటలో బోస్టన్‌లోనే 34 పాయింట్లు కొట్టాడు. సిక్సర్స్ ఒక్క పాయింటు తేడాతో గెలిచారు. 1959లో విల్ట్ చాంబర్లిన్ 43 కొట్టిన తర్వాత మొదటి ఆటలో అంత స్కోరు ఇంకెవరూ చెయ్యలేదు, విల్ట్ పుట్టింది ఫిలడెల్ఫియాలోనే. బోస్టన్ కోర్టు మీద, టేటమ్ వాళ్ల ఇంట్లో. నాకు తెల్లవారుజామున ఆ బూట్ల కుర్రాడే గుర్తొచ్చాడు.

కానీ ఆ జూన్ రాత్రికి ఇవేవీ ఎవరికీ తెలియవు. ట్రెంటన్ బండి కోసం నిలబడి ఉండగా మావాడి ఫోన్ మోగింది. నర్సమ్మ మెసేజ్: మూడు అయిపోయింది సరే, రేపు రెండో రౌండ్‌లో 35 మనదే, పొడుగువాడు కావాలి, ఎవర్ని తీసుకుందాం? ఏడుపు మొహంతో ఉన్నవాడు కాస్తా ఇంటర్నెట్‌లో జాబితా తెరిచాడు. ట్రెంటన్ దాకా ఇద్దరూ పేర్లు పంపుకుంటూనే ఉన్నారు, మధ్యలో నన్నూ అడిగారు. ఆబర్న్ కాలేజీ జానీ బ్రూమ్ బావుంటాడన్నాడు వాడు. మర్నాడు సిక్సర్స్ తీసుకున్నదీ అతన్నే.