తంటెం గింజల కాఫీ కోసం ఒక ఏడాది

పాల టీ పడితే గానీ నాకు తెల్లారదు. అలాంటి నన్ను రెండేళ్ల క్రితం జూన్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ముంచంగిపుట్టు మండలంలో ఒక గూడెం బడికి టీచరుగా వేశారు. మాది విజయనగరం. బయల్దేరేముందు గొడుగు, దుప్పట్లు, టార్చి, దోమతెర అన్నీ సర్దుకున్నాను గానీ పాల సంగతి తట్టనే లేదు. గూడెంలో ఆవులు బోలెడున్నాయి. పాలు మాత్రం దొరకవు. ఆవు పాలు దూడవి, మనం పితకడమేంటి అన్నట్టు చూస్తారు అక్కడివాళ్లు. పాకెట్ పాలు మండల కేంద్రం నుంచి ఆటోలో రావాలి. వానకి రోడ్డు మీద మట్టి జారితే ఆటో రాదు. మొదటి వారంలోనే మూడు రోజులు తలనొప్పితో పాఠాలు చెప్పాను.

బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడని పిల్లల దగ్గర్నుంచి హెడ్మాస్టారి దాకా అందరూ పిన్ని అనే పిలుస్తారు. నా మొహం చూసి అడిగింది, "ఏటమ్మా టీచరమ్మా, ఒంట్లో బాగోలేదా?" అని. సంగతి చెప్పాను. "పాలెందుకూ? గడ్డి లేదేటి?" అంది. నాకు గడ్డి పెడతానంటోందని ఒక్క క్షణం నిజంగానే చిన్నబుచ్చుకున్నాను. ఆవిడ చూపించింది బడి కంచె పక్కన దుబ్బులా పెరిగిన నిమ్మగడ్డిని.

అదే నా మొదటి పాఠం. నాలుగైదు పొడుగాటి ఆకుల్ని ముడేసి, చితక్కొట్టిన అల్లం ముక్కతో మరుగుతున్న నీళ్లలో వేసి, మూత పెట్టి దించెయ్యాలి. మూత పెట్టకపోతే వాసనంతా ఆవిరిలో పోతుంది, గిన్నెలో మిగిలేది పచ్చి గడ్డి నీళ్లే. కొంచెం బెల్లం వేసుకుంటే చాలు. ఆ వాసన మొదట్లో నాకు గిన్నెలు తోమే సబ్బులా అనిపించింది. పది రోజులకి అలవాటైంది. సంతలో పిప్పళ్లు దొరికినప్పుడు ఒకటి దంచి అందులో వేసుకునేదాన్ని. మన్యంలో పిప్పలి తోటలున్నాయి. మా విజయనగరంలో బాలింతలకి పెట్టే పిప్పలిమోడి ఈ కొండల మీంచి దిగేదేనని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

ఉత్సాహం ఆగక గడ్డి బోలెడు కోసి, ఎండ వచ్చిన రోజున డాబా మీద ఆరబెట్టాను. సాయంత్రానికి తెల్లగా పాలిపోయి, వాసన లేని ఎండుగడ్డి అయింది. రెండోసారి నీడన ఆరబెడితే వాన తేమకి బూజు పట్టింది. మూడోసారి పిన్ని వాళ్లింట్లో పొయ్యి పైన వేలాడే వెదురు తడక మీద పెట్టాను. అక్కడ చేపలు, మొక్కజొన్న కంకులు, విత్తనాలు, అన్నీ ఆ పొగకే ఆరతాయి. నా గడ్డి చక్కగా ఆరింది, కాకపోతే రెండు నెలలు నా టీ ఎండుచేపల వాసనొచ్చింది.

జులై నాటికి బడి దారి పొడవునా, పోడు చేల గట్ల మీద, ఇళ్ల వెనక పచ్చగా ఒకటే మొక్క. మోకాలెత్తు ఉంటుంది. అదే తంటెం. కొన్నిచోట్ల తగిరిస అంటారు. ఒడియా మాట్లాడేవాళ్లు చాకుండా అంటారు. మా గూడెం ఒడిశాకి ఆనుకునే ఉంది కాబట్టి పిన్ని నోట రెండు పేర్లూ వస్తాయి. పూత రాకముందు లేత చివుళ్లు మాత్రమే కోస్తారు. పచ్చి ఆకు నలిపితే వచ్చే వాసనకి, దీన్ని తినొచ్చని మొదట కనిపెట్టిన మనిషికి దండం పెట్టాలనిపిస్తుంది. ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే వాసన పోతుంది. పిన్ని ఆ ఆకుని గట్టిగా పిండి, వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి వేయించి, ఉడికిన కందిపప్పు కలుపుతుంది. చోడంబలితో, అంటే రాగి అంబలితో నంజుకుంటే ఇంకో కూర అక్కర్లేదు. డబ్బుల్లేని రోజుల్లో తినే కూర అని పిన్ని దాన్ని కొంచెం తక్కువ చేసి మాట్లాడుతుంది గానీ, నాకు తోటకూర కంటే నచ్చింది.

వెదురు కొమ్ముల రోజులూ అవే. సంతలో సన్నగా తరిగి కుప్పలు పోసి అమ్ముతారు. తెచ్చి నేరుగా పోపులో వేసేశాను. నాలుక మీద పెట్టగానే చేదు. అడిగితే పిన్ని నెత్తి కొట్టుకుంది. పచ్చి కొమ్ములో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. నానబెట్టి, ఉడకబెట్టి, నీళ్లు వంచేసి, మళ్లీ ఉడికించాకే కూర. చేదు దుంపలదీ ఇదే వరస. పలచగా తరిగి, బుట్టలో కట్టి గెడ్డలో పారే నీళ్లలో రాత్రంతా వదిలేస్తారు. అడవిలోది సహజం కాబట్టి మంచిదే అని మా ఊళ్లో చాలామంది అనగా విన్నాను. ఇక్కడ ఎవరూ అలా అనరు. ఏది ఎన్నిసార్లు ఉడకాలో, ఏది ఎన్ని గంటలు నానాలో మాత్రం చెప్తారు.

కాఫీ గొడవ దసరా తర్వాత మొదలైంది. తంటెం గింజల్ని వేయించి పొడి కొట్టి కాఫీలా తాగుతారని, చైనా, కొరియాల్లో వాటితో టీ పెడతారని ఎక్కడో చదివాను. పిన్నిని అడిగితే, వాళ్ల అత్తగారు కాసేదని, ఇప్పుడెవరూ ఓపిక చెయ్యట్లేదని చెప్పింది. గూడెం చుట్టూ కాఫీ తోటలున్నాయి, పండేదంతా అమ్ముకోవడానికే. ఇంట్లో ఎవరూ కాఫీ తాగరు. సరే, ఈ కాఫీ నేనే చేస్తానని సంచీ పట్టుకుని ఒక ఆదివారం ఒక్కదాన్నే బయల్దేరాను. అడవిలోకి వెళ్లలేదు. అడవి ఫలసాయం మీద హక్కు ఆ గూడెం వాళ్లది, 2006 నాటి అటవీ హక్కుల చట్టం కూడా ఆ మాటే చెప్తుంది. రోడ్డు వారన కలుపు మొక్కకైతే ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా అనుకున్నాను. ఎండిన కాయలు దొరికినవి దొరికినట్టు సంచీ నిండా తెంపాను.

రెండు రోజులు ఎండబెట్టి, గోనె మీద పోసి కర్రతో కొట్టి, చేటతో చెరిగాను. తాలు పోగా మానికకి కొంచెం తక్కువగా గింజలు మిగిలాయి. నా పనితనానికి నేనే మురిసిపోయి, చేట ఎత్తుకుని పిన్ని దగ్గరికెళ్లాను.

ఆవిడ గుప్పెడు తీసుకుని అరచేతిలో పరిచింది. చూపుడువేలితో గింజల్ని రెండు వైపులకి జరపడం మొదలెట్టింది. ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి చేతిలో రెండు చిన్న కుప్పలయ్యాయి. ఒకదాంట్లో మెరిసే గోధుమ రంగు గింజలు, కోసిన ముక్కల్లా మూలలు తేలి ఉన్నాయి. రెండోదాంట్లో చపటగా, గుండ్రంగా, మెరుపు లేకుండా ఉన్నవి. "ఇది తంటెం. ఇది కసింద. ఎక్కడ కోసావు?" అంది. నేను చెప్పేలోపే చేట పట్టుకెళ్లి గింజలన్నీ పొయ్యిలో పోసేసింది. మూడు రోజుల పని. నాకు కోపమొచ్చింది. ఏరుకుంటే సరిపోయేది కదా అన్నాను. "ఒక్క గింజ ఉండిపోతే? బడి పిల్లలకి నువ్వు పోస్తావు, నాకు తెలుసు," అంది.

ఆ రాత్రి ఫోన్‌కి సిగ్నల్ దొరికే రాయి దగ్గర కూర్చుని చదివాను. 2016లో సెప్టెంబరు నుంచి ఒడిశా మల్కనగిరి జిల్లాలో వందమందికి పైగా చిన్నపిల్లలు చనిపోయారు. ఆ వార్తలు నాకు గుర్తున్నాయి. మెదడువాపు జ్వరం, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే అప్పుడు విన్నాను. తర్వాతి సంగతి నాకు తెలియదు. వెల్లూరుకి చెందిన డాక్టర్ జాకబ్ జాన్ నాయకత్వంలో నిపుణులు వచ్చి చూసి, ఆ జ్వరం ఒక్కటే కారణం కాదని, పిల్లలు బొణ చాకుండా గింజలు తిన్నారని తేల్చారు. బొణ చాకుండా అంటే మన కసింద. అందులోని ఆంత్రాక్వినోన్లనే విషం పసిపిల్లల కాలేయాన్ని, కండరాల్ని, మెదడుని దెబ్బతీస్తుంది. ఆ పేరు చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. చాకుండా అంటే తంటెం, బొణ అంటే అడవి. అడవి తంటెం. పేరులోనే రెండూ కలిసిపోయాయి. మల్కనగిరి మాకు పక్క జిల్లా. మా బడిలో ఒకటో తరగతి పిల్లలు దారిలో ఏ కాయ కనిపించినా వొలిచి నోట్లో వేసుకుంటారు.

మర్నాడు పిన్నికి సారీ చెప్పాను. ఆవిడకి ఆ మాట అర్థమైందో లేదో గానీ, సాయంత్రం బడి వదిలాక నన్ను రోడ్డు మీదకి తీసుకెళ్లింది. రెండు మొక్కలూ మూరెడు దూరంలోనే ఉన్నాయి. వాసన బట్టి చెప్పలేం, రెండూ కంపే. పువ్వులు రెండింటికీ పసుపే. ఆకు చూడాలి. తంటెం ఈనెకి మూడు జతల ఆకులుంటాయి, చివర గరిటెలా గుండ్రంగా ఉంటాయి. కసిందకి నాలుగైదు జతలు, చివర మొనదేలి ఉంటుంది. ఆకు కాడ మొదట్లో, కాండాన్ని అంటిన చోట చిన్న బొడిపె ఉంటే కసింద. తంటేనికి అలాంటివి ఆకుల జతల మధ్యన ఉంటాయి. కాయల్లో తేడా ఇంకా తేలిక. తంటెం కాయ సన్నగా, జానెడు దాకా పొడుగ్గా, కొడవలిలా వంగి ఉంటుంది. కసింద కాయ చపటగా, పైకి నిక్కి ఉంటుంది, మధ్యలో ముదురు చార, అంచులు పాలిపోయి కనిపిస్తాయి. ఎండి రాలిపోయాక, సంచీలో కలిసిపోయాక చూస్తే ఈ తేడాలేవీ పనికిరావు. నేను చేసిన తప్పు అదే.

అందుకని రెండోసారి మొక్క మీద ఆకు ఉండగానే ఎంచుకున్నాను. బడి వెనక పది తంటెం మొక్కలకి ఎర్ర రిబ్బను ముక్కలు కట్టి, చుట్టుపక్కల కసింద మొక్కలు పీకేసి, కాయలు ఎండేదాకా ఆగాను. డిసెంబరులో గింజలు చేతికొచ్చాయి. మూకుడులో సన్నని సెగ మీద చిటపటలాడి ముదురు గోధుమ రంగుకి వచ్చేదాకా వేయించాలి. రాళ్లలా ఉంటాయి. నా మిక్సీ గిన్నె బ్లేడు వంగిపోయింది, చివరికి పిన్ని రోట్లోనే దంచాం. గ్లాసున్నర నీళ్లకి ఒక చెంచా పొడి, ఐదు నిమిషాల మరుగు, వడకట్టడం. రుచి కాఫీలా ఉంటుందని చెప్తే అబద్ధం. వేయించిన బార్లీ గంజిలో కొంచెం మాడు వాసన కలిపినట్టుంటుంది. బెల్లంతో బాగుంటుంది. పొగమంచు కిటికీలోకి వచ్చేసే ఆ చలిలో ఇంకా బాగుంటుంది. మొదటి రోజు సంబరంలో నాలుగు గ్లాసులు తాగాను. ఆ గింజ విరేచనకారి కూడానని తెల్లవారుజామున మూడింటికి తెలిసొచ్చింది. ఇప్పుడు రోజుకి ఒక్క గ్లాసు, అదీ వారంలో రెండు మూడు రోజులే. పిల్లలకి పొయ్యను.

సంక్రాంతికి ఇంటికెళ్తే మా అమ్మ ఆ పొడి డబ్బా చూసి, "దీంతో షుగర్ తగ్గుతుందటగా, మాత్రలు మానేసి ఇది తాగుతాను" అంది. ఎవరో వాట్సాప్‌లో పంపారట. డబ్బా లాక్కుని నా బ్యాగులో పెట్టేశాను. మూడు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నిమ్మగడ్డి కట్ట మాత్రం ఇచ్చి వచ్చాను.

నిరుడు జూన్‌లో బడి తెరవగానే మొదటి వారం పిల్లల్ని రోడ్డు మీదకి తీసుకెళ్లి రెండు మొక్కలూ చూపించాను. ఆకులు నొక్కి ఆరబెట్టి, అట్ట మీద అతికించి తరగతి గోడకి పెట్టాం. కసింద కింద ఎర్ర ఇంకుతో పెద్ద ఇంటూ గుర్తు. అట్ట మీద ఒకచోట నేనే ఆకులు తారుమారు చేసి అతికిస్తే, నాలుగో తరగతి అమ్మాయి ఒకతి లేచి "మేడం, దానికి మొన ఉంది" అని దిద్దింది. ఇప్పుడు నాకు సందేహమొస్తే ఆ పిల్లకే చూపిస్తున్నాను.

పిన్ని ఇంతవరకు నా కాఫీ ఒక్క గుక్క కూడా తాగలేదు. సాయంత్రం మా గదికొస్తే గుమ్మంలోంచే అడుగుతుంది, "ఆటో వచ్చిందా? పాలున్నాయా? టీ పెట్టు, పంచదార ఎక్కువెయ్యి."