అవ్వ కుట్టిన బొంత, నాయన అడిగిన ప్రశ్న

పోయిన వారం సెకండ్ ఇయర్ పిల్లలకు రోగనిరోధక వ్యవస్థ పాఠం మొదలుపెట్టాను. యాంటీబాడీలు అయిపోయి టి కణాల దగ్గరికి వచ్చేసరికి ఒకమ్మాయి లేచింది. "మేడం, కరోనా మారుకుంటనే ఉంటది కదా. మరి పాత టీకా ఎట్ల పనిచేస్తది?" అంది.

2022 సంక్రాంతి రోజుల్లో మా నాయన కూడా నన్ను ఇదే అడిగాడు.

అప్పుడు నాయనకు 64 ఏళ్లు. షుగర్ ఉంది. గద్వాలలో నలభై ఏళ్లు మగ్గం నేసిన మనిషి. అంతకు ముందు మే నెలలో చిన్నాయన కరోనాతో పోయాడు. ఈ వారం వేయించుకుంటా, పై వారం వేయించుకుంటా అంటూనే ఒక్క సూదీ పడకుండా పోయాడు. అందుకే నాయనకు పాజిటివ్ అని ఫోన్ వచ్చినప్పుడు నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మహబూబ్‌నగర్ నుంచి బస్సెక్కి ఇంటికి చేరేదాకా ఒకటే టెన్షన్. ఆక్సీమీటర్ 96 చూపించింది. రాత్రికి 95. గడప ఇవతల కుర్చీ వేసుకుని మాస్కుతో కూర్చున్నాను. లోపల నాయన బొంత కప్పుకుని ఉన్నాడు.

"రెండు సూదులు ఏసుకుంటిమి గదా బిడ్డా. మళ్లెట్ల వచ్చె?"

పద్నాలుగేళ్లుగా జువాలజీ చెప్తున్నాను. అయినా ఆయనకు అర్థమయ్యే మాట వెంటనే నోటికి రాలేదు. అప్పుడు బొంత కనబడింది. అది మా అవ్వ కుట్టింది. ఇంట్లో పాతబడిన చీరలు, మగ్గం దగ్గర మిగిలిన గుడ్డముక్కలు అన్నీ అందులో ఉంటాయి. చిన్నప్పుడు మాకు అదొక ఆట. ఏ ముక్క మీద వేలు పెట్టినా అది ఏ చీరదో, ఎవరి మగ్గం మీదిదో నాయన చెప్పేవాడు. అంచు, ఒడలు కలిసిన తీరు చూసి, బొటనవేలితో ఒకసారి రుద్ది చెప్పేవాడు. బెత్తెడు ముక్క చాలు ఆయనకు.

"నాయనా, మన ఒంట్లో రెండు రకాల కాపలా ఉంది" అన్నాను. యాంటీబాడీ వైరస్‌ను బయట తిరుగుతున్నప్పుడే చూస్తుంది. మడత విప్పని చీరను చూసినట్టు, పైకి కనబడే అంచూ కొంగూ చూసి గుర్తుపడుతుంది. అప్పుడు తిరుగుతున్న కొత్త రకం కరోనా, ఒమిక్రాన్, మార్చుకున్నది సరిగ్గా ఆ పై మడతనే. వైరస్ పైన ముళ్లలా ఉండే స్పైక్ ప్రోటీన్‌లో, పోగుల్లా వరసగా, 1273 అమైనో ఆమ్లాలుంటే అందులో 30కి పైగా మారాయి. వాటిలో దాదాపు సగం, వైరస్ మన కణానికి అతుక్కునే చిన్న భాగంలోనే ఉన్నాయి. యాంటీబాడీలు ఎక్కువగా పట్టుకునేది కూడా అక్కడే. అందుకే టీకా వేసుకున్నవాళ్లకూ వచ్చింది.

టి కణం చీరను మొత్తంగా చూడదు. వైరస్ మన కణంలో దూరాక, ఆ కణం వైరస్ ప్రోటీన్లను ముక్కలు చేసి, కొన్నింటిని తన పైపొర మీద ఆరేస్తుంది. ఒక్కో ముక్క పొడవు 8 నుంచి 11 అమైనో ఆమ్లాలు, అంతే. చంపే టి కణం ఆ ముక్కను తడిమి చూసి, ఇది మనది కాదని తెలిస్తే ఆ కణాన్నే చంపేస్తుంది. సహాయక టి కణాలకు ఇంకాస్త పొడవు ముక్కలు కావాలి. ముక్కను పట్టుకుని చూపించే అణువుల పేరు హెచ్‌ఎల్‌ఏ. టి కణం ముక్కను ఒక్కదాన్నే గుర్తుపట్టదు, మన సొంత అణువుతో కలిపి చూస్తేనే గుర్తుపడుతుందని 1974లో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ కనిపెట్టారు. 1996లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

నాయనకు ఆ పేర్లు చెప్పలేదు. "చీర అంచు మార్చినంత మాత్రాన ఒడలంతా మారదు గదా" అన్నాను. ఆయన తలూపాడు.

1273లో 30 మారినా చాలా ముక్కలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. టీకా వల్ల గానీ పాత ఇన్ఫెక్షన్ వల్ల గానీ స్పైక్ మీద తయారైన టి కణాల స్పందనలో 70 నుంచి 80 శాతం ఒమిక్రాన్ మీద కూడా నిలిచిందని దక్షిణాఫ్రికా పరిశోధకుల ఫలితం ఆ జనవరి చివర్లోనే నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. అది చదివిన రోజు నేను కడుపునిండా తిన్నాను.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇంకోటి. హెచ్‌ఎల్‌ఏ అందరికీ ఒకటే కాదు. సగం అమ్మ నుంచి, సగం నాయన నుంచి వస్తుంది. నా కణాలు ఆరేసే ముక్కలు వేరు, పక్కింటివాళ్లవి వేరు. కాబట్టి ఒక ముక్కను మార్చుకుని వైరస్ ఒకరి టి కణాలను తప్పించుకున్నా, పక్క మనిషి దగ్గర అదే ఎత్తు పారదు.

అట్లని వైరస్‌లో వచ్చే మార్పులకు (మ్యుటేషన్లకు) టి కణాలు అసలు మోసపోవని చెప్పడం తప్పు. వాట్సాప్‌లో అట్లాంటి మెసేజ్‌లు చూసినప్పుడు బాధేస్తుంది. స్పైక్‌లో 269 నుంచి 277 దాకా ఉన్న తొమ్మిది అమైనో ఆమ్లాల ముక్కను హెచ్‌ఎల్‌ఏ-ఎ2 రకం ఉన్న చాలామంది టి కణాలు బాగా గుర్తుపడతాయి. అందులో నాలుగోది, ప్రోలీన్, పోయి ల్యూసిన్ వస్తే చాలు, వాటికి ఆ ముక్క కనబడకుండా పోతుందని బ్రిటన్‌లోని కార్డిఫ్ పరిశోధకులు చూపించారు. ఒమిక్రాన్‌కు ముందు వచ్చిన డెల్టా రకంలో, స్పైక్‌లో 452వ చోట ఉన్న మార్పు కూడా అట్లాంటిదే. జపాన్‌లో ఎక్కువగా కనిపించే హెచ్‌ఎల్‌ఏ-ఎ24 రకం వాళ్లలో ఒక ముక్కను అది దాచేస్తుంది. కాకపోతే ఒక మనిషిలో టి కణాలు ఒక్క ముక్క మీదే ఆధారపడవు. బొంతలో ఒక ముక్క వెలిసిపోతే మిగతా ముక్కలుంటాయి.

జ్వరం మూడు రోజుల్లో తగ్గింది. ఒమిక్రాన్ డెల్టా అంత తీవ్రం కాకపోవడం కూడా కలిసొచ్చింది. నాయన వేసుకున్నది కోవిషీల్డ్, అది నేర్పేది ఒక్క స్పైక్‌నే. కోవాగ్జిన్‌లో చంపిన వైరస్ మొత్తం ఉంటుంది. జబ్బు వచ్చి తగ్గాక నాయన టి కణాలకూ స్పైక్ కాని ముక్కలు కొన్ని పరిచయమై ఉంటాయి. ఆ గుర్తు చాలా కాలం ఉంటుంది. 2003లో సార్స్ (అదీ ఒక కరోనా వైరస్ జబ్బే) వచ్చి బతికినవాళ్లలో 17 ఏళ్ల తర్వాత కూడా ఆ వైరస్‌ను గుర్తుపట్టే టి కణాలు దొరికాయి.

ఏప్రిల్‌లో మూడో సూదికి తీసుకెళ్లాను. "ముక్కలు గుర్తువట్టేటియి ఉన్నయంటివి గదా, మళ్ల ఇదెందుకు?" అన్నాడు. టి కణం లేచేది వైరస్ కణంలో దూరాకే, గడప దగ్గర ఆపేది యాంటీబాడీనే, అది కొన్ని నెలల్లో తగ్గిపోతుంది అని చెప్పాను. చేయి చాపాడు.

బయటికి వచ్చి అరగంట కుర్చీల్లో కూర్చున్నప్పుడు నెమ్మదిగా అడిగాడు. "తమ్మునికి ఒక్కటన్నా పడుంటే?"

"బతికే అవకాశం ఎక్కువుండేది నాయనా" అన్నాను. ఆయనకు అబద్ధం చెప్పాలనిపించలేదు.