అన్సీ ఫాదర్లకు తెలుగు నేర్పిందెవరు?

విశాఖ పాతనగరంలో పుట్టి పెరిగినవాళ్లకు సెయింట్ అలోషియస్ బడీ, రాస్ హిల్ చర్చీ వింతలు కావు. ఎప్పటినుంచో ఉన్నాయి, అంతే. జెనీవాకు కాపురం వచ్చాకే నాకు వాటి పుట్టిల్లు కనబడింది. ఇప్పటి ఫ్రాన్సులోని అన్సీ అనే ఊరు. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు.

పియేర్ మెర్మియే అనే ఫాదర్ 1838లో అక్కడ సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరిట మిషనరీల సభ స్థాపించారు. ఆ సభవారు 1845లో బయలుదేరి పుదుచ్చేరి వచ్చి, 1846లో విశాఖ చేరారు. సూయజ్ కాలువ తెరుచుకోవడానికి ఇంకా ఇరవై ఏళ్లకు పైగా ఉంది. మరుసటి ఏడాదే అలోషియస్ బడి మొదలైంది. 1849లో అన్సీ నుంచే సెయింట్ జోసఫ్ సిస్టర్లూ వచ్చారు. వీళ్లంతా ఫ్రెంచివాళ్లని మా ఇంట్లో అనుకునేవారు గానీ, 1860 దాకా ఆ ప్రాంతం సార్డీనియా రాజ్యంలోది. ఇక ఆ సభ ఎవరి పేరు పెట్టుకుందో ఆ సేల్స్ గారి (అంతకు రెండు శతాబ్దాల ముందటివారు) సంగతి మరీ తమాషా: పేరుకు జెనీవా బిషప్పు, ప్రొటెస్టంట్ల ఏలుబడిలో ఉన్న జెనీవాలో ఉండే వీలులేక అన్సీలో గడిపారు. పరాయి ఊళ్లో బతకడం మాతోనే మొదలవలేదు.

ఇదంతా మా అమ్మాయికి చెప్పడంలో నా స్వార్థం నాకుంది. దాని దృష్టిలో విశాఖ అంటే సెలవులు, అమ్మమ్మ, సముద్రం. చరిత్ర మాత్రం ఐరోపా సొత్తు. ఆ లెక్క నాకు నచ్చదు.

మొన్న సెలవుల్లో రాస్ హిల్ ఎక్కాం. రాస్ అనే ఆయన 1864లో కట్టుకున్న ఇల్లే తరవాత మేరీమాత గుడి అయింది. పక్క కొండల మీద దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి, కింద హార్బరు. నుదుట కుంకుమతో మా అమ్మ చెప్పులు విడిచి, కొంగు తల మీదికి లాక్కుని కొవ్వొత్తి వెలిగించింది. గాలికి ఆరిపోతే పక్కావిడ వత్తితో మళ్లీ అంటించుకుంది.

"అమ్మమ్మా, నువ్వు క్రిస్టియన్‌వా?"

"కాదమ్మా. ఈ తల్లి మనకు చిన్నప్పటినుంచీ తెలుసు."

అమ్మాయి నావైపు చూసింది. నేను వివరించలేదు. వివరిస్తే పాడవుతుంది.

దిగుతూ మరో ముచ్చట చెప్పాను. పద్దెనిమిదో శతాబ్దంలోనే కాల్మెట్ అనే జెస్యూట్ (మరో కేథలిక్ మిషనరీ సభ) ఫాదర్ దక్షిణాదిన వేదాల ప్రతులు సంపాదించి పారిస్‌లోని రాజుగారి గ్రంథాలయానికి పంపారని. గొప్పగానే చెప్పాననుకుంటా. మా అమ్మాయి మాత్రం "పంపినాయన పేరుంది సరే, కూర్చుని రాసినవాళ్ల పేర్లేవి?" అంది. మిషనరీలు పంపిన సేకరణల్లో తరచూ కనబడే లోటే అది. అంతటితో ఆగలేదు. సెమినరీలో, అంటే ఫాదర్లను తయారుచేసే బడిలో, లాటిన్ చదివి వచ్చినవాళ్లకు విశాఖలో తెలుగు నేర్పిందెవరని పట్టుకుంది.

ఇప్పుడు బడి ప్రాజెక్టుకు అదే శీర్షిక పెట్టుకుంది. టీచరు ఇచ్చిన అంశం సేల్స్ జీవితం. ఒప్పుకుంటారో లేదో చూడాలి.