బాదామిలో మూడు రోజులు: 27 కిలోల తేడా

రాక్ క్లైంబింగ్ కోసం జనవరిలో మూడు రోజులు కర్ణాటకలోని బాదామి వెళ్లొచ్చాం. హైదరాబాద్ నుంచి రాయచూరు మీదుగా కారులో తొమ్మిది గంటలు పట్టింది. అక్కడికి ఇది మా రెండో ట్రిప్. ఈసారి ఎన్ని రూట్లు ఎక్కామన్న లెక్క పెట్టుకోలేదు. మా ఆయన లీడ్ చేస్తూ పడితే నేను భయపడకుండా ఆపగలగాలి, అంతే.

నా బరువు 53 కిలోలు, ఆయనది 80. లీడ్‌లో ఎక్కే మనిషి తాడు వెంట తీసుకెళ్తూ, రాతిలో బిగించి ఉన్న ఒక్కో బోల్ట్‌కీ క్విక్‌డ్రా (రెండు వైపులా కొక్కేలున్న పట్టీ) తగిలించి అందులో తాడు వేసుకుంటూ పోవాలి. జారితే ఆఖరి బోల్ట్‌కి ఎంత పైన ఉన్నారో దానికి రెట్టింపు, ఆపైన తాడు సాగినంత, కిందికి వస్తారు. కింద బిలే చేసే, అంటే తాడు పట్టి ఆపే, మనిషి తేలికైతే ఆ కుదుపుకి పైకి లేచిపోతుంది.

డిసెంబర్‌లో నాకు అదే అయింది. ఆయన నాలుగో బోల్ట్ దాటాక జారారు. నా కాళ్లు నేల మీద లేవు. హెల్మెట్ రాయికి తగిలింది. కళ్లు తెరిచేసరికి మొదటి క్విక్‌డ్రా ముఖానికి జానెడు దూరంలో ఊగుతోంది. నా దగ్గరున్న బిలే పరికరం, గ్రిగ్రి, తాడుని పట్టేసింది, ఆయనకేం కాలేదు. కానీ ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు.

అందుకే ఓమ్ అనే పరికరం కొన్నాం. దీన్ని మొదటి బోల్ట్‌కి తగిలిస్తారు. పడినప్పుడు తాడు అందులో బిగిసి రాపిడి పెరుగుతుంది, నా దాకా వచ్చే కుదుపు తగ్గుతుంది. తాడు వేసే దిశ తప్పకూడదు, దాని మీదున్న బొమ్మ చూసి వేయాలి. మొదటి బోల్ట్ అందేలోపు జారితే మాత్రం దానివల్ల ఉపయోగం లేదు. అందుకని మొదటి బోల్ట్ తేలిగ్గా అందే రూట్లే ఎంచుకున్నాం.

మొదటి రోజంతా పడటమే ప్రాక్టీసు. ఐదో బోల్ట్ దగ్గర, కింద గట్లేవీ లేని నిటారు గోడ మీద. మొదట్లో బోల్ట్ ఆయన నడుము ఎత్తులో ఉన్నప్పుడు, తర్వాత మోకాలి దగ్గర, చివరికి పాదాల దగ్గర. మొత్తం పదకొండు సార్లు. చివరి దానికి కూడా నేను లేచింది మూరెడే. నాలుగోసారి నుంచి టెన్షన్ తగ్గి, ఆయన జారే క్షణంలో కళ్లు మూసుకోవడం మానేశాను.

రెండో రోజు ఇంకో సంగతి బయటపడింది. తాడు కాస్త ఇమ్మనడానికి ఆయన 'వదులు' అని అరుస్తారు. పైనుంచి గాలిలో వినపడితే అది తాడు వదులు చేయమనా, వదిలెయ్యమనా? ఆ మాట అక్కడికక్కడే మానేశాం. ఇప్పుడు మూడే పిలుపులు: 'తాడివ్వు', 'బిగించు', 'దింపు'. పక్క రూట్లో వాళ్లూ అరుస్తుంటారు కాబట్టి ముందు పేరు పెట్టి పిలవాలి. ఇంట్లో నేను ఆయన్ని మీరు అంటాను. కొండ మీద మాత్రం ఆ 'అండి' తీసేశాను. ప్రాణం తాడు మీద ఉన్నప్పుడు మాట ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

మన హైదరాబాద్ గ్రానైట్ వేళ్ల చర్మం తినేస్తుంది. బాదామి ఎర్ర ఇసుకరాయి అంత గరుకు కాదు, అడ్డంగా పట్టులు బాగా దొరుకుతాయి. కానీ వానకి తడిస్తే ఇసుకరాయి బలం తగ్గి పట్టులు విరుగుతాయి, తడి మీద ఎక్కకూడదు. కోతులు ఎక్కువ. తిండి బ్యాగులో కాకుండా మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టండి.

మూడో రోజు ఏడింటికే గోడ దగ్గరున్నాం. నేను 5సీ గ్రేడు రూటు ఒకటి లీడ్ చేశాను. ఆయన అంతకంటే కష్టమైన 6ఏలో ఆరో బోల్ట్ పైన నిజంగానే జారారు, ప్రాక్టీసు కాదు. నేను మూరెడు లేచి ఆగాను. పైనుంచి తొంగిచూసి, "బాగున్నావా?" అని అడిగారు. "బాగున్నా, ఎక్కు" అన్నాను. రెండో ప్రయత్నంలో చివరిదాకా వెళ్లారు.